వెనక సీటు

శివప్రసాద్ ఆ రెండు బండ్ల మధ్య నిలబడి చాలాసేపయింది.

రెండూ ఒకే కంపెనీ పికప్‌లు. ముందు ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, వెనక బస్తాలు వేసుకోవచ్చు. నంద్యాలలో విత్తనాల దుకాణం నడుపుకునే అతనికి రెండూ పనికొచ్చేవే.

ఒకటి తారురోడ్డు కోసం చేసింది. ఎత్తు తక్కువ, కుదుపు తక్కువ. రెండోది దారి లేని చోట్లకు. పెద్ద టైర్లు, గట్టి స్ప్రింగులు. వాగులో దిగినా నాలుగు చక్రాలూ లాగుతాయి.

“ఏది తీసుకున్నా మంచిదేన్నా” అంది షోరూములో పనిచేసే పరంజ్యోతి.

“వెనక సీట్లో కూర్చున్నోళ్లకు ఎట్లుంటాదో తెలియల్ల. నేను నడిపితే అది తెలీదు గదా.”

గోడ పక్క బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. జీపు సర్వీసుకిచ్చి ఎదురు చూస్తున్నాడు.

“నేను కూసుంటాలేప్పా. ఊరికే ఉండా గదా ఈడ” అన్నాడు.

ముందు ఎత్తుబండి తీశారు. కాలువ గట్టు మీద గుంతలన్నీ దాటుకుంటూ పోయింది. ఎక్కడా ఆగలేదు. శివప్రసాద్ సంతోషంగా అద్దంలోకి చూశాడు. పెద్దాయన రెండు చేతులతో పిడి పట్టుకుని ఉన్నాడు.

“ఎట్లుండాది పెద్దాయనా?”

“నడుము కదిలిపోతాండాది. ఎవురిని కూర్చోబెడ్తావు ఈడ?”

“నా భార్యను. స్కూటర్ మీంచి పడి వెన్ను దెబ్బతినింది. కుదుపు తగలగూడదన్నాడు డాక్టరు.”

“అయితే ఇది వద్దు.”

తారురోడ్డు బండిని పరంజ్యోతి గట్టెక్కనివ్వలేదు. కింద తగులుతుందంది. ఆళ్లగడ్డ రోడ్డు మీద కొంత దూరం పోయారు.

“ఉయ్యాల మాదిరి ఉండాదప్పా. ఆయమ్మ నిద్రపోతాది” అన్నాడు పెద్దాయన.

శివప్రసాద్ ముఖంలో సంతోషం లేదు.

“ఇంగేం కావల్ల?”

“ఇది మా అత్తగారి ఊరికి పోదు. సంజామల అవతల. వాగు దాటల్ల. వాగు దాటే బండ్లో ఆమె కూర్చోలేదు. ఆమె కూర్చోగలిగే బండి వాగు దాటదు.”

“ఆడ ఎవురుండారు?”

“బామ్మర్ది. వాడు మా ఇంటికి వచ్చిపోతాంటాడు. ఆమెకు కావాల్సింది మనుషులు గాదు, చేను. శనగ పూతకొచ్చినప్పుడు గట్టు మీద కూర్చోని, పుల్లటి ఆకు గిల్లి నోట్లో ఏస్కోవల్ల. అంతే. బజార్లో శనగాకు తెచ్చిస్తే ముట్టుకోలా.”

“తీస్కపొమ్మని అడుగుతాంటాదా?”

“ముందు అడుగుతాండె. ఇప్పుడు మానుకునింది. అదే కష్టంగా ఉండాది.”

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “వాగు మీద వంతెన లేదా?” అన్నాడు.

“కట్టినారు. అది దిగే తావులో నారాయణ అని ఒకాయన భూమి ఉండాది. చిన్న మూల ముక్క. ఇయ్యనని కోర్టుకు పోయినాడు. పైరు పెట్టడు, ఊర్లో ఉండడు. ఊరినంతా వాగులో నడిపిస్తాండాడు.”

“ఎందుకియ్యడంట?”

“నేనడగలా. భూమి మీద ఆశ, ఇంగేముంటాది. ఆ ముసలోడు సచ్చేదాకా మాకు రోడ్డు లేదు.”

శివప్రసాద్ బండి వెనక్కి తిప్పాడు.

షోరూము ముందు దిగాక పెద్దాయన వెంటనే వెళ్లిపోలేదు. తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

“మెత్తబండే తీసుకోప్పా.”

“తీసుకోని యాడికి పోవల్ల?”

“మనిషి ఉన్నప్పుడే తీస్కపోవల్ల, యాడికన్నా. రోడ్డు పడ్తాదిలే.”

“నీకెట్ల తెలుసు?”

పెద్దాయన జీపు దగ్గరికి నడిచాడు. శివప్రసాద్ ఆయన పేరైనా అడగలేదు.

మెత్తబండే కొన్నాడు. ఊరికి కాకపోయినా భార్య దివ్యశ్రీని మహానంది దాకా తిప్పవచ్చనుకున్నాడు. తిప్పాడు కూడా. ఆమె కిటికీలోంచి చేలు చూసేది. ఏమీ అనేది కాదు.

ఒకరోజు బామ్మర్ది శరత్ ఫోన్ చేశాడు.

“బావా, నారాయణ కేసు వాపసు తీసుకున్నాడు. మూల ముక్క రాసిచ్చేసినాడు.”

“ఏందీ, ఉన్నట్టుండి?”

“ఎవురికీ చెప్పలా.”

మరుసటి ఏడు శనగ పూతకొచ్చే నాటికి రోడ్డు పూర్తయింది.

బండి వంతెన దిగి ఆగింది. అక్కడ కాచుకుని ఉన్న శరత్ అక్కను భుజం పట్టుకుని దింపాడు. దివ్యశ్రీ మెల్లగా నడిచి చేని గట్టు మీద కూర్చుంది. ఆకు గిల్లి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

“పులుపు అట్లనే ఉండాది” అంది చివరికి.

ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో శివప్రసాద్‌కు గుర్తు రాలేదు.

“శరత్, ఆ నారాయణ దగ్గరికి ఒకసారి పోదాం. నోటికొచ్చినట్టు తిట్టినా ఆయన్ను. దండం పెట్టల్ల.”

“ఇంగేడ బావా. పోయిన నెల ఆళ్లగడ్డలో కాలం చేసినాడు. ఊరోళ్లంతా కలిసి ఫ్లెక్సీ ఏయించినారు, సూడు.”

వంతెన చివర కట్టిన ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది. శివప్రసాద్ దాని దగ్గరికి వెళ్లి అందులోని ఫొటో చూశాడు.

ఆ రోజు వెనక సీట్లో దివ్యశ్రీ చోట కూర్చుని, ఏ బండి తీసుకోవాలో చెప్పిన మనిషి.

అతను శరత్ వైపు తిరిగాడు.

“శరత్, ఆ మూల ముక్క ఎందుకియ్యనన్నాడు ఆయన?”

“ఆయన భార్య కమలాక్షమ్మ సమాధి ఉండె బావా ఆడ. రోడ్డేసేటప్పుడు కూలోళ్లను తాకనియ్యలా, గడ్డపార ఆయనే పట్టినాడు.”