ఎవరి నంబరూ అడగదు

"అమ్మా, నా ఫోనుకి కోడ్ రాకుండా ఈ లాప్‌టాప్ ఎలా తెరుచుకుంది?"

కొడుకు అటకెక్కించిన పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, కోర్టులో టైపిస్టుగా రిటైరైన ఆ తల్లి టకటకా కొడుతూనే ఉంది.

"పాత సిస్టం తీసేసి లినక్స్ ఎక్కించాను. తేలికది, పైసా అక్కర్లేదు, ఎవరి నంబరూ అడగదు. అందులో మూడు రకాలు చూసి దీన్ని ఏరుకున్నాను."

"ఎవరు చేసిపెట్టారు?"

"నేనే, పెన్‌డ్రైవ్‌తో. పాస్‌వర్డ్‌లో ఒకటి అంకెకి బదులు ఎల్ అక్షరం కొట్టి రెండుసార్లు బయటే నిలబడ్డాననుకో. మా టైపు మిషన్లో ఆ అంకె ఉండేది కాదు, ఎల్‌తోనే సరిపెట్టుకునేవాళ్లం."

"ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు! రేపు ఏదైనా అయితే మళ్లీ నా దగ్గరికే వస్తావు."

"వస్తే వస్తాను. కానీ ఒక ఉత్తరం రాసుకోవడానికి నీ ఆఫీసుకి ఫోన్ చేసి, నీ మీటింగ్ అయ్యేదాకా చేతులు ముడుచుకుని కూర్చోను."

"అదంతా నీ మంచికే కదమ్మా!"

"ముప్పై ఏళ్లు ఊరందరి తీర్పులూ టైపు చేశాను. నా తాళంచెవి నా కొంగునే ఉంటుంది."

అతను నవ్వేసి, సాయానికి భార్య వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. గదిలోకి వెళ్లి తన లాప్‌టాప్ తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఆ పెన్‌డ్రైవ్ ఒకసారి ఇస్తారా? నా కోడ్లు కూడా ఈయన ఫోనుకే వెళ్తున్నాయి."