నాలుగో భోజనం

"అంటే, తిన్నా తినకపోయినా డబ్బు వెనక్కి రాదంటారు," అన్నాడు గున్నేశ్వరరావు, ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని.

"రాదండి. ముందే కట్టేది కదండీ," అంది అవతలి అమ్మాయి.

నిన్న చెప్పిందీ అదే. మొన్న చెప్పిందీ అదే.

నిడదవోలు బజారులో మధ్యాహ్నం బేరాలు పలచబడతాయి. ఆ వేళకి కిరాణా కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని, హైదరాబాదు శివార్లలో ఉన్న ఆ థీమ్ పార్కుకి ఫోన్ చేయడం గున్నేశ్వరరావుకి అలవాటైపోయింది.

కొడుకు భానుతేజ ఇంటర్ గట్టెక్కితే అక్కడికి తీసుకెళతానని మాటిచ్చాడు. వాడు గట్టెక్కాడు. టికెట్లు అయ్యాయి, గది అయింది. తేలనిది భోజనాల సంగతే. బయటి తిండి లోపలికి రానివ్వరు. ముందే ప్లాన్ కొనుక్కుంటే చేతికి బ్యాండ్ కడతారు, అది చూపించి పూటపూటా బఫేలో తినొచ్చు. లేదంటే ఎప్పటికప్పుడు కొనుక్కోవాలి. అక్కడి ప్లేటు ఇడ్లీ ఖరీదుకి ఇక్కడ ఇంటిల్లిపాదీ కడుపునిండా టిఫిను తినొచ్చు.

బస్తా మీద కిరాయి, హమాలీ, తరుగు కలిపి కిలో బియ్యం ధర నోటితో చెప్పేసే మనిషికి ఈ లెక్క మాత్రం బుర్రకెక్కడం లేదు. టాక్సు అందులోనేనా, వేరా? మంచినీళ్ళ సీసా ప్లానులో వస్తుందా? పొద్దున తినకపోతే ఆ పూట రాత్రికి కలుపుతారా? శాకాహారానికి గరిటెలు విడిగా ఉంటాయా? అడిగిందే అడిగేవాడు. ఆ అమ్మాయి చెప్పిందే చెప్పేది.

బజారులో ఆయన మాటకి తిరుగులేదు. ఒకసారి ధర చెప్పాడంటే కొనేవాడు మెట్లు దిగిపోతున్నా వెనక్కి పిలవడు. ఇంట్లోనూ అదే నిక్కచ్చి. వద్దన్నాడంటే వద్దే. కాదని గడప దాటితే ఇంక వాళ్ళ పేరెత్తకూడదు. అలాంటివాడు రెండు రోజుల తిండి సంగతి తేల్చుకోలేక నానుస్తున్నాడేమిటని భార్య మీనాకుమారికి విసుగు.

మొదటిసారి భానుతేజే నంబరు కలిపి ఇచ్చాడు. "నమస్కారమండి, నేను సాయిసుధని, చెప్పండి" అని వినపడేసరికి గున్నేశ్వరరావు అడగాల్సింది మర్చిపోయి పెట్టేశాడు. పెద్ద కంపెనీ ఫోన్ అనేసరికి నాన్న బెదిరిపోయాడని వాడు నవ్వాడు. ఆ తర్వాత నుంచి ఆయనే చేసుకునేవాడు. వేరేవాళ్ళు ఎత్తితే పెట్టేసి మళ్ళీ చేసేవాడు. వాళ్ళు ముందు పేరూ ఊరూ అడుగుతారు. ఈ అమ్మాయి ఎప్పుడూ అడగలేదు. ఓపికున్న పిల్ల.

"నలుగురికయితే ఏమన్నా తగ్గుతుందాండీ?" అన్నాడివాళ.

కొట్టు వెనకే ఇల్లు. గుమ్మం దగ్గర కందిపప్పు చెరుగుతున్న మీనాకుమారి తలెత్తింది. "ముగ్గురికి నాలుగు భోజనాలెందుకండీ?"

"అడిగితే తప్పేంటి," అని ఆయన మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "పనసపొట్టు కూర లాంటివి పెడతారా అమ్మా? ఆవ పెట్టింది?"

చాట ఆగింది.

"అవన్నీ ఇక్కడ ఉండవండి," అంది ఆ అమ్మాయి మెల్లగా. తర్వాత మామూలు గొంతుతో, "ఏదన్నా ఉంటే ఇవాళే తేల్చుకోండి. రేపటి నుంచి ఈ నంబరుకి మెషీన్ మాట్లాడుతుంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది."

"రేపటి నుంచి మెషీనా? మరి మీరు?"

"నన్ను లోపల స్టోర్సుకి వేస్తున్నారండి. అక్కడ ఫోన్లుండవు."

గున్నేశ్వరరావు గల్లాపెట్టె అంచు పట్టుకున్నాడు. ఇంకా ఏం అడగొచ్చో వెతుక్కున్నాడు. టాక్సు అయిపోయింది, నీళ్ళ సీసా అయిపోయింది, గరిటెలూ అయిపోయాయి. ఎవరో వచ్చి పావుకిలో మినపగుళ్ళు అడిగితే లేవని చేయి ఊపాడు. బస్తా ఎదురుగానే ఉంది.

"మీ భోజనం అయిందా అమ్మా?" అన్నాడు చివరికి.

"అయిందండి. పనిచేసేవాళ్ళకి ఇక్కడ ఊరికేనే పెడతారు. మా చేతికీ బ్యాండ్ ఉంటుంది."

"కడుపు నిండుతుందా?"

ఫోన్లో దూరంగా ఎక్కడో పిల్లల కేకలు, ఏదో చక్రం తిరుగుతున్న మోత.

"డబ్బు కట్టి పడెయ్యండి బాబూ," అంది మీనాకుమారి. "రేపు మెషీన్‌తో మీరేం మాట్లాడతారు?"

అదే ఆయనకీ తెలియడం లేదు.

"రాసేసుకోండి," అన్నాడు ఫోన్లో. "ప్లానే. నలుగురికీ."

"బ్యాండ్ల మీద పేర్లుండాలండి. చెప్పండి."

"గున్నేశ్వరరావు. మీనాకుమారి. భానుతేజ."

ఒక్క పేరూ తిరిగి అడక్కుండా టకటకా కొట్టుకుంది.

"నాలుగో పేరండీ?"

గున్నేశ్వరరావు నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. గుమ్మంలో ఉన్న భార్యవైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచాడు. రోజంతా ధరలు చెప్పే నోట్లోంచి ఒక్క పేరు బయటికి రాలేదు.

అవతలి అమ్మాయి చాలాసేపు కనిపెట్టుకుని ఉంది. తొందరపెట్టలేదు.

"మూడే రాస్తున్నాను," అంది ఆఖరికి, గొంతు బాగా తగ్గించి. "నాకిక్కడ భోజనం ఊరికేనని చెప్పాను కదా నాన్నా."