మిరప తర్వాత జొన్న

గోడలు ఒకప్పుడు విన్న మాటల్ని తిరిగి వినిపించే పెట్టె ఇప్పుడు ఇంటింటా ఉంది. తుంగభద్ర ఒడ్డున మూతబడిన మా పిండిమరను చూడవచ్చినవాళ్లకు తాత గొప్పతనం వినిపిద్దామని దాన్ని గోడకు ఆనించాను. వాళ్లలో సువార్తమ్మ అనే ఆమె ఇచ్చిన జొన్నరొట్టె తింటున్నాను. కారంగా భలే ఉంది.

తాత గొంతు పలికింది: "మిరపకాయలు ఆడినాక ఆ ఎస్తేరమ్మ జొన్నలు పొయ్‌రా. రాళ్లకుండే ఘాటంతా దాంట్లోకి పోతాది. ఆ తర్వాత మనోళ్లవి ఆడు."

గబుక్కున పెట్టె ఆపేశాను.

"ఎస్తేరమ్మ మా అవ్వ సార్," అంది సువార్తమ్మ మెల్లగా. "ఆమె రొట్టె కారంగా ఉండేది. చేతి రుచి అనుకున్యాం. ఆ రుచి కోసం ఇప్పటికీ పిండిలో చిటికెడు కారం కలుపుతాం."