గ్రూపు మార్పు

హఫర్ అల్ బాతిన్‌లో సౌదీవాళ్ల ఇంట వంట చేసే చెంచులక్ష్మి బియ్యం కడుగుతూ, కడపలో ఉన్న కూతురితో ఫోన్‌లో మాట్లాడుతోంది.

“ఇంటర్లో చేరినావా లోహితా?”

“చేరినా మా. సీఈసీ.”

చెంచులక్ష్మి చేతులు ఆగాయి. “పండ్ల డాక్టరు కావల్లంటే కెమిస్ట్రీ సదవల్లంటివే! సీఈసీలో అది ఉండదు గదా? కష్టమనిపించిందా?”

“పదిలో సైన్సు ఫస్టు నేనే మా. ఇంటరు రెండేండ్లు, కోచింగు ఒగేడు, డెంటలు ఐదేండ్లు. నేను సదివినన్నాళ్లూ నువ్వు ఆడనే ఉంటావు.”

తను లేకుండా ఉండడం కూతురికి అలవాటైపోయిందనే ఇన్నాళ్లూ అనుకుంది చెంచులక్ష్మి.

“రేపే పోయి బైపీసీకి మార్పించుకో.”



“మార్పించుకుంటే నువ్వు రావు గదా?”

ఏదో ఒకటి చెప్పి ఊరడించాలనుకుంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“రాను తల్లీ,” అంది. “సదువుకో.”