తెల్లబడిన తోడు

"జాడీలో ఈస్టు ఎర్రగా ఉంటేనే మంచిదని ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా?" వకుళ మూడోసారి అరిచింది.

"ఎరుపు చూస్తే మురికిలా ఉందే! పక్కింటి సూరమ్మొదిన ఇచ్చిన తెల్లది చెంచాడు తోడు వేశాను. రెండ్రోజుల్లో జాడీ అంతా మల్లెపూవులా అయింది," అంది సుభద్రమ్మ పట్టు వదలకుండా.

ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఒక ఈస్టు జాడీ ఉంటుంది. వీళ్ల జాడీ మనవరాలు మేధకి ఇన్సులిన్ చేసిపెడుతుంది.

"తెల్లబడిందంటే, ఇన్సులిన్ అల్లేటప్పుడు ఎక్కడ ఆపాలో ఆ ఈస్టుకి తెలియడం లేదన్నమాట. మందుకి అక్కర్లేని తోక తగిలిస్తోంది. పొద్దుటి సూదికే పిల్ల మొహం వాచిపోయింది!"

"మా అమ్మకే పాఠాలా?" వకుళ భర్త శేషగిరి జాడీ మీది ఇనప మూత తీసి విసిరాడు. వకుళ కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారుతున్నా ఆమె కూతురికి అడ్డంగా నిలబడింది. అతను పెళ్లాం జుట్టు పట్టి గోడకేసి కొట్టి, పిల్లకి మళ్లీ ఆ మందే పొడవడానికి సిరంజి అందుకున్నాడు.

మేధ ఊపిరి ఈలలా వినిపిస్తోందని సుభద్రమ్మకి అప్పుడు తెలిసింది. రోకలెత్తి కొడుకు మణికట్టు మీద ఒక్కటేసింది. సిరంజి ఎగిరిపడింది. రెండో దెబ్బ జాడీ మీద వేసింది. అది పగిలి, తెల్లటి నురగ గచ్చంతా పాకింది.

చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన తన భర్తతో సుభద్రమ్మ, "వకుళనీ పిల్లనీ ఆసుపత్రికి తీసుకెళ్లండి," అంది. తర్వాత అందరికీ వినబడేలా మెల్లగా చెప్పింది.

"నేను ఈ తోడు వీధిలో నాలుగిళ్లకి పంచాను. ఇప్పుడే వెళ్లి, చేసిన తప్పు చెప్పి, ఆ జాడీలు కూడా పగలగొట్టొస్తాను. వాళ్లు నన్ను కొడితే కొట్టనీండి."