నానమ్మ సబ్బు

“అమ్మా, నీ సంచిలో సబ్బుంటుందిగా, ఇలా ఇవ్వు,” అన్నాడు నాన్న కారు కింద నుంచి. దారిలో రాయి తగిలి పెట్రోలు ట్యాంకు కారుతోంది. ఇంకో గంటలో పట్నంలో నా నర్సింగు ప్రవేశ పరీక్ష.

నానమ్మ గుడ్డ మూట విప్పింది. అరిగిపోయిన సబ్బుముక్క, దానికి అంటుకున్న తెల్ల వెంట్రుకలు. నేను వెనక్కి జరిగాను.

“ఛీ, దాన్నెవరు ముట్టుకుంటారు?”

“నువ్వే. వాడి చెయ్యి ట్యాంకు పక్క సందులో దూరదు,” అంటూ నానమ్మ దాని మీద ఉమ్మి నా అరచేతిలో పెట్టింది. “మెత్తగా పిసుకు.”

మొహం తిప్పుకుని పిసికాను. ఉమ్మి వెచ్చగా, జిగటగా తగిలింది.

“నాన్నా, వెంట్రుకలు తీసెయ్యనా?”

“ఉండనీ. పట్టుగా ఉంటుంది.”

కారు కిందికి దూరి చిల్లులో కుక్కాను. కారడం ఆగింది.

“రేపు రోగుల్ని ముట్టుకోవాల్సినదానివి. నానమ్మ ఉమ్మికే ఇలాగైతే ఎలాగే?” అంది నానమ్మ. నాన్న నవ్వుతూ బండి తీశాడు.

మేం చేరేసరికి పరీక్షా కేంద్రం గేటు ఇంకా మూయలేదు. పక్కనే కుళాయి ఉంది.

“శుభ్రంగా కడుక్కుని పో, మళ్లీ కంపంటావు,” అంది నానమ్మ.

రెండుసార్లు కడుక్కున్నాను. వేలికి చుట్టుకున్న తెల్ల వెంట్రుకను మాత్రం తీయకుండానే లోపలికి వెళ్లాను.