అరవై అడుగుల బావి

ఒళ్లో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే సలోమి మరోసారి ప్రోగ్రాము నడిపింది. కామారెడ్డి ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకున్న కంప్యూటరు అది. ఎల్లారెడ్డి వైపు బావుల లోతులను గ్రాఫుగా గీయాలి. అన్నిటికన్నా లోతైనది అరవై అడుగులు. పక్కనున్న కొలతల గీత మాత్రం ఎన్నిసార్లు సరిచేసినా తొంభై దాకా దిగుతోంది.

"మళ్ల తొంభై! దీని మొఖం మండ!"

"మిషిన్‌తోని లొల్లేంది బిడ్డా?" అన్నాడు తండ్రి అబ్రాహాము. తెల్లవారగానే ఇంటి బావిలో దిగి పూడిక తీయాలని, గిలక మీది నుంచి బావి తాడు విప్పి తెచ్చి ముళ్లు బిగిస్తున్నాడు.

సలోమి విసుగెత్తి కొలతల గీతను అరవై దగ్గరే ఆపేసింది. బావులన్నీ సరిపోయాయి. ఒక్కదాని గీత మాత్రం తెర అడుగు దాటి కిందికి పోయింది.

"బాపూ, గిది మనింటి బాయే. నువ్వు చెప్పినట్టు అరవై అనే ఎక్కించిన. కొలిచినవా?"

"ఊరోళ్ల బాయిలన్ని కొలిచిన. మనది కొలుసుడేంది? మా బాపు తవ్విండు, అరవై అన్నడు."

పెరట్లో గిలక కిర్రుమంది. ఎవరో చేద దించుతున్నట్టు, ఆగకుండా తిరుగుతూనే ఉంది. సలోమి తండ్రి ఒళ్లోని తాడు వైపు చూసింది.

అబ్రాహాము ఆ తాడే భుజాన వేసుకుని, పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.